మంచువాలు మీద మాస్టార్లు

ఫ్రాన్స్‌లో మూడు నాలుగేళ్ల పిల్లలకు మంచు మీద స్కీలతో నిలబడటం నేర్పే పనిని పూర్తిస్థాయి వృత్తిగా చేసుకోవాలంటే ముందు ఒక వేగపరీక్ష గట్టెక్కాలి. దాని పేరు యూరోటెస్ట్. ఏటవాలు కొండ మీద వరసగా జెండాలు పాతి ఉంటాయి. ఒక్కోదాన్ని చుట్టుకుంటూ వచ్చి కింద గీత దాటాలి. అంతర్జాతీయ పోటీల స్థాయితో తూకం వేసిన రేసర్లు ముందుగా దిగి ప్రమాణ సమయాన్ని తేలుస్తారు. మగవాళ్లు దానికి 18 శాతం, ఆడవాళ్లు 24 శాతం మించకుండా కిందికి చేరాలి. ప్రమాణం ఒక నిమిషమైతే అతనికి దొరికేది 70.8 సెకన్లు, ఆమెకు 74.4. అందులో పదోవంతు సెకను ఎక్కువైనా తప్పినట్టే. మళ్లీ సాధన, మళ్లీ ఫీజు, మళ్లీ వరసలో నిలబడటం.

చిన్ననాటి నుంచి స్కీ క్లబ్బుల్లో పెరిగినవాళ్లకే ఇది చెమటలు పట్టిస్తుంది. ఇరవై దాటాక స్కీ తొడిగినవాళ్లలో చాలామంది ఈ గడియారం దగ్గరే ఆగిపోతారు.

సరే, పరీక్ష గెలిచారు. డిప్లొమా వచ్చింది. స్కీ టీచర్ల ఎర్ర కోటు ఒంటిమీదికి ఎక్కింది. మొదటి సోమవారం పొద్దున ఆ రేసరు చేసే పని ఏమిటి? చీమిడి ముక్కులు తుడవడం. ఊడిన చేతి తొడుగులు ఎక్కించడం. ఎడమ బూటు కుడికాలికి తొడుక్కొచ్చినవాణ్ని మంచులో కూర్చోబెట్టి మార్చడం. అమ్మ కావాలని ఏడ్చేదాన్ని బుజ్జగించడం. మధ్యమధ్య తలలు లెక్కపెట్టుకోవడం. తాను నిమిషంలో దిగే కొండ మీద రోజంతా నత్తనడకన, అదీ వెనక్కి తిరిగి జారుతూ, ముందున్న పిల్లవాడి స్కీ కొనలు రెండు చేతులతో పట్టుకుని దించడం. స్కీ ఇన్‌స్ట్రక్టర్ వృత్తిలోని తిరకాసంతా ఇక్కడే ఉంది: అర్హత వేగానికి, కూలి ఓపికకు.

ఈ ఆట చూడనివాళ్ల కోసం పనిముట్ల సంగతి కొంత చెప్పుకోవాలి. స్కీ అంటే మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉండే సన్నని పలక. అడుగు నున్నగా, రెండు పక్కలా ఉక్కు అంచులతో ఉంటుంది. చీలమండను కదలనివ్వని గట్టి ప్లాస్టిక్ బూటు ఆ పలకకు బైండింగ్ అనే బిగింపుతో అతుక్కుంటుంది. మలుపుల్లో బూటు ఊడకూడదు, పడినప్పుడు మాత్రం కాలు మెలిపడేలోగా ఊడి రావాలి. అందుకే బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత దూకుడుగా జారతారన్నది అడిగి బైండింగు బిగువుకు ఒక నంబరు పెడతారు. అద్దె దుకాణంలో ‘నాకు బాగా వచ్చు’ అని గొప్పలకు పోతే బిగువు పెరుగుతుంది. ఆ తర్వాత పడ్డప్పుడు బూటు ఊడదు, మోకాలు లెక్క చెబుతుంది.

అనుభవమున్న టీచర్ కొత్త శిష్యుల మొహాల కంటే ముందు పాదాలు చూస్తాడు. ప్యాంటు అంచు బూటులోకి దూర్చారా? చలికి భయపడి రెండు జతల సాక్సు వేశారా? రెండు జతలు వేస్తే బట్ట ముడతలు పడి కాలు నొక్కుకుపోతుంది, రక్తం ఆడదు, వేళ్లు ఇంకా గడ్డకడతాయి. పల్చటి పొడవాటి సాక్సు ఒక్క జత చాలు. సగం మంది ‘నాకు స్కీయింగ్ రాదు’ అనుకునేది నిజానికి బూటు సరిపోకే అని పాతకాపులు చెబుతుంటారు.

మొదటి గంట కొండ ఊసే ఉండదు. చదును నేల మీద ఒక కాలికి మాత్రమే స్కీ తగిలించి గుండ్రంగా నడిపిస్తారు. తర్వాత రెండో కాలు. తర్వాత పక్కకి పడటం, పడి లేవడం. స్కీలు వాలుకు అడ్డంగా పెట్టి పక్క అడుగులతో ఎక్కడం. ఆపైన పిల్లల వాలు, దాని పక్కన నేలబారుగా కదిలే రబ్బరు పట్టీ. దాన్ని మ్యాజిక్ కార్పెట్ అంటారు. నిలబడితే చాలు, పైకి మోసుకుపోతుంది.

అక్కడ నేర్పే మొదటి విద్య ఆగడం. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా తోసి లోపలి అంచుల మీద నొక్కితే వేగం తగ్గుతుంది. పెద్దలకు దీన్ని స్నోప్లౌ అనో వెడ్జ్ అనో చెబుతారు. అమెరికాలో పిల్లలకైతే అది ‘పిజ్జా’. రెండు స్కీలూ సమాంతరంగా పెడితే ‘ఫ్రెంచ్ ఫ్రైస్’. అక్కడి ఏ స్కీ కొండ దగ్గర నిలబడినా ‘పిజ్జా, పిజ్జా, పెద్ద పిజ్జా!’ అని గొంతు చించుకుంటున్న టీచర్లు కనబడతారు. పరాయివాడెవడైనా వింటే హోటల్ ప్రకటన అనుకోవాలి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వానాకాలం పొలంగట్టు మీద కాలు జారినప్పుడు ఒళ్లు దానంతటదే వెనక్కి వాలినట్టు, మంచువాలు చూడగానే కొత్తవాళ్ల బరువంతా మడమల మీదికి పోతుంది. అలా వాలితే స్కీ ముందు భాగం మంచును పట్టదు. ముందు భాగం పట్టకపోతే పలక తిరగదు, ఆగదు. తప్పించుకోవాలని వెనక్కి వాలినవాడే అదుపు తప్పి దూసుకుపోతాడు. మోకాలిలోని ఏసీఎల్ అనే స్నాయువు తెగిపోయే ప్రమాదాల్లో చాలావాటికి ఇలా వెనక్కి కూలబడటమే కారణం. కాబట్టి టీచర్ చెప్పాల్సింది భయం చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకం: లోయ వైపు వాలు, పాదం ముందు భాగం మీద నిలబడు, కుడికి తిరగాలంటే ఎడమకాలి మీద బరువు వెయ్యి. ఇవన్నీ బుర్రకు రెండు నిమిషాల్లో అర్థమవుతాయి. ఒంటికి అర్థం కావడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్ని గంటలకు కుదించే ఉపాయాలే టీచర్ పెట్టుబడి. బూటు ముందు భాగానికి ముంగాలు ఆనుతోందా అని అడుగుతాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని జారమంటాడు. మలుపులో బయటి చేతిని నేలకు చాచమంటాడు. చేతిని చాచితే బరువు తెలియకుండానే బయటి కాలి మీదికి చేరుతుంది.

భయాన్ని పోగొట్టడంలో కొందరు హద్దులు కూడా దాటారు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని టావోస్ స్కీ వ్యాలీని స్థాపించిన ఎర్నీ బ్లేక్ 1950ల చివర్లో ఒకావిడకు పాఠం చెబుతుంటే ఆమె బెదిరి బిగుసుకుపోయిందట. ఆయన మార్టీనీ తెప్పించి తాగించాడు. ఆవిడ హాయిగా జారింది. ఆ తర్వాత కొండ మీద చెట్ల మధ్య మార్టీనీ సీసాలు దాచిపెట్టడం టావోస్‌లో ఆనవాయితీ అయింది, వాటికి ‘మార్టీనీ చెట్లు’ అని పేరు కూడా పడింది. ఇవాళ ఏ స్కీ స్కూలులోనైనా ఈ చికిత్స చేస్తే ఉద్యోగం ఆ సాయంత్రానికే ఊడుతుంది.

స్కీ మీద ప్రయాణం వేల ఏళ్ల నాటిది, నార్వే పల్లెల్లో నడక వచ్చినవాడికల్లా వచ్చేది. కానీ ఊరు కానివాడికి, కొండ ఎరగనివాడికి దాన్ని మెట్లుమెట్లుగా నేర్పవచ్చన్న ఆలోచన మాత్రం కొత్తదే. 1888లో ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్ గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద అడ్డంగా దాటి ఆ కథను పుస్తకంగా రాశాడు. ఆస్ట్రియాలో లిలియన్‌ఫెల్డ్ దగ్గర ఒంటరిగా బతుకుతున్న మథియాస్ జ్దార్స్కీ అది చదివి నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నాడు. పొడవాటి ఆ పలకలు నార్వే గుట్టలకు సరిపోతాయి కానీ ఆల్ప్స్ ఏటవాలులకు పనికిరావని తేలింది. ఆయన స్కీలను కుదించాడు, మడమ పక్కకు పోకుండా పట్టే లోహపు బైండింగు తయారు చేశాడు, ఒకే ఒక్క కర్రతో మలుపులు తిరిగే పద్ధతి కనిపెట్టి 1896లో పుస్తకం వేశాడు. వచ్చినవాళ్లందరికీ డబ్బు తీసుకోకుండా నేర్పాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి పర్వత సలహాదారుగా ఉండగా 1916లో మంచుచరియల కింద పడి ఒళ్లంతా విరగ్గొట్టుకున్నాడు; కోలుకుని మళ్లీ స్కీ తొడిగాడు.

జ్దార్స్కీ నేర్పింది ఊరికే. దాన్ని జీతం వచ్చే వృత్తిగా మార్చినవాడు హానెస్ ష్నైడర్. ఆర్ల్‌బెర్గ్ కనుమ దగ్గర స్టూబెన్ అనే చిన్న ఊళ్లో 1890లో పుట్టాడు. పదిహేడేళ్లకే, 1907లో, పక్క ఊరు సాంక్ట్ ఆంటన్‌లోని హోటల్ పోస్ట్ అతిథులకు స్కీ నేర్పే కొలువులో చేరాడు. యుద్ధకాలంలో పర్వత సైనికులకు శిక్షణ ఇచ్చాడు. వందల మందికి తక్కువ వ్యవధిలో నేర్పాల్సి రావడంతో విద్యను ముక్కలుగా విడగొట్టడం ఆయనకు అలవాటైంది. యుద్ధం ముగిశాక సాంక్ట్ ఆంటన్‌లో స్కీ స్కూలు పెట్టి అదే పద్ధతి అమలు చేశాడు. ముందు స్నోప్లౌ. అది కుదిరాక ఒక స్కీని పక్కకి తోసి తిరిగే స్టెమ్ మలుపు. అదీ కుదిరాక, స్టెమ్‌తో మొదలై రెండు స్కీలూ సమాంతరంగా ముగిసే స్టెమ్ క్రిస్టియానియా. శిష్యుల్ని స్థాయిని బట్టి తరగతులుగా విడగొట్టాడు. ఎంత డబ్బున్న దొర అయినా కింది మెట్టు రాకుండా పై తరగతికి పోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ప్రపంచంలో ఏ స్కీ స్కూలుకు వెళ్లినా మొదటి పొద్దున శిష్యుల్ని జారించి చూసి గుంపులు కట్టడం జరుగుతుంది. అది ఆర్ల్‌బెర్గ్ అలవాటే.

ఆర్నాల్డ్ ఫాంక్ తీసిన పర్వత సినిమాల్లో ష్నైడర్ స్కీ చేశాడు. వాటితో ఆయన పేరు ఖండాలు దాటింది. 1930లో జపాన్ పిలిపించుకుని నేర్పించుకుంది. నాజీలంటే గిట్టనివాడు కావడంతో 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకున్న వెంటనే ఆయన్ను జైల్లో పెట్టారు. విడిపించింది న్యూయార్క్ బ్యాంకరు హార్వీ గిబ్సన్. జర్మనీతో అప్పుల బేరాల్లో ఉన్న ఆయన తన పలుకుబడి వాడి, 1939 ఫిబ్రవరిలో ష్నైడర్‌ను తన సొంత ఊరు నార్త్ కాన్వేకి రప్పించాడు. అమెరికా ఈశాన్యాన న్యూహాంప్‌షైర్‌లో ఉన్న ఆ ఊరివాళ్లు స్కీ కర్రలతో తోరణం పట్టి స్వాగతం చెప్పారు. అక్కడి క్రాన్మోర్ కొండ మీద 1955లో చనిపోయేదాకా స్కీ స్కూలు నడిపాడు. ఆయన వచ్చేనాటికే శిష్యులు కొందరు అమెరికా చేరి పాఠాలు చెబుతున్నారు. ఒక పల్లెటూరి కుర్రాడి కొలువు ముప్పై ఏళ్లలో రెండు ఖండాల వృత్తి అయింది.

పద్ధతులు తర్వాత చాలా మారాయి. పెద్ద మార్పు పనిముట్టు వల్లే వచ్చింది. 1990ల మొదట్లో స్లొవేనియాలోని ఎలాన్ కంపెనీ నడుము సన్నగా, రెండు కొసలు వెడల్పుగా ఉండే స్కీలు తయారు చేసింది. పక్కకి వంచితే చాలు, ఆ వంపే పలకను తిప్పుతుంది. ఏళ్లు పట్టే మలుపులు కొత్త స్కీలతో కొద్ది రోజుల్లోనే పట్టుబడసాగాయి. శిష్యులకు పండగే, కానీ టీచర్లకు తాము నేర్చినదాన్ని సగం మరిచి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇక ఈ ఉద్యోగంలోకి దారులు. దేశానికో నిచ్చెన ఉంది, ప్రతి నిచ్చెనకూ అడుగు మెట్టు సులువు, పై మెట్టు నిట్టనిలువు. కెనడాలో మొదటి స్థాయి కోర్సు రోజుల లెక్కలో పూర్తవుతుంది. మధ్యరకంగా స్కీ చేయగలిగినవాడు, నలుగురి ముందు మాట్లాడగలిగినవాడు గట్టెక్కుతాడు. అమెరికాలో 1961లో ఏర్పడ్డ ఇన్‌స్ట్రక్టర్ల సంఘం పీఎస్ఐఏ మూడు స్థాయిల్లో సర్టిఫికెట్లు ఇస్తుంది. మూడోది సాధించడానికి చాలామందికి ఏళ్లు పడుతుంది. రెండు మూడుసార్లు తప్పడం సిగ్గుపడే సంగతేమీ కాదు. ఆస్ట్రియాలో పది రోజుల ప్రవేశ కోర్సు చేస్తే స్కీ స్కూల్లో కొత్తవాళ్లకు నేర్పవచ్చు. అక్కణ్నుంచి రాష్ట్రస్థాయి పరీక్షలు, ఆపై ప్రభుత్వ డిప్లొమా. ఫ్రాన్స్ మాత్రం తలుపు దగ్గరే కర్ర పట్టుకుని నిలబడింది: శిక్షణలో చేరేందుకే జెండాల మధ్య మలుపులు తిరిగే స్లాలమ్ పరీక్ష, మధ్యలో యూరోటెస్ట్, ఆ తర్వాత మంచుచరియల భద్రత మీద మరో పరీక్ష. డిప్లొమా లేకుండా, కనీసం శిక్షణలోనైనా నమోదు కాకుండా, డబ్బు తీసుకుని పాఠం చెబితే అక్కడ నేరం.

ఈ పరీక్షల్లో స్కీ చేసి చూపించడం ఒక భాగమే. తోటి అభ్యర్థుల్నే శిష్యులనుకుని పాఠం చెప్పాలి. ఒకరి మలుపు చూసి తప్పు ఎక్కడుందో, దాని మూలం ఎక్కడుందో విడదీసి చెప్పాలి. భుజం తిరగడం కనిపించే తప్పు, కానీ మూలం చీలమండలో ఉండొచ్చు. ఒకేసారి ఐదు తప్పులు చెప్పినవాడికి మార్కులు రావు. ఒక్కటే ఎంచి, దానికి తగిన ఒక్క కసరత్తు ఇచ్చినవాడికి వస్తాయి. గడియారం పెట్టే పరీక్ష కన్నా ఇదే వృత్తికి దగ్గర. ఫ్రెంచి వాళ్ల వాదన వేరు: ఏ మంచులోనైనా, ఏ వాలులోనైనా తొణకని కాలు ఉంటేనే టీచర్ కళ్లు శిష్యుల మీద ఉంటాయంటారు. అందులో నిజం లేకపోలేదు. ఆ నిజానికి 18 శాతమే హద్దు ఎందుకయిందన్నదే ప్రశ్న.

చేతికొచ్చే డబ్బు విషయానికొస్తే కొండంత తేడాలు కనిపిస్తాయి. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని పేరుమోసిన రిసార్టుల్లో ఒక రోజు ప్రైవేటు పాఠం వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ మాట విని టీచర్లు లక్షాధికారులు అనుకుంటే పొరపాటు. వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2022 మార్చిలో ఉత్తర అమెరికాలోని తన ఉద్యోగుల కనీస వేతనాన్ని గంటకు 20 డాలర్లకు పెంచుతున్నామని ప్రకటిస్తే అదే పెద్ద వార్త అయింది. శిష్యుడు కట్టే సొమ్ములో పెద్ద ముక్క రిసార్టుకు పోతుంది. టీచర్‌కు గంట జీతం, పైన టిప్పు. అదే శిష్యుడు వచ్చే ఏడు పేరు పెట్టి అడిగితే కాస్త ఎక్కువ. శిష్యులు రాని రోజు యూనిఫారం వేసుకుని ఎదురుచూసి ఇంటికి పోవాల్సి వచ్చే చోట్లూ ఉన్నాయి. రిసార్టు ఊళ్లలో అద్దెలు మండిపోతుంటాయి కనుక ఒకే గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు.

ఫ్రాన్స్‌లో లెక్క వేరు. 1945లో మొదలైన ఎకోల్ దు స్కీ ఫ్రాన్సే అనే సంస్థలో సుమారు 17,000 మంది టీచర్లున్నారు. వాళ్లు ఉద్యోగులు కారు, స్వతంత్రులు. ఏ ఊరి టీచర్లు ఆ ఊళ్లో కలిసి స్కూలు నడుపుకుంటారు. ఆల్ప్స్ పల్లెల్లో వేసవిలో వడ్రంగం, తాపీపని, పశువుల పెంపకం చేసి చలికాలం ఎర్ర కోటు తొడిగే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. పిల్లల తరగతులకు వాళ్లు పెట్టిన పేర్లు ముచ్చటగా ఉంటాయి: పక్షిపిల్ల లాంటి ‘పియూ పియూ’, తర్వాత ఎలుగుపిల్ల, మంచుపువ్వు, ఆపైన నక్షత్రాలు. వారం చివర బ్యాడ్జి తగిలిస్తుంటే తల్లిదండ్రులు ఫొటోలు తీస్తారు. ఆ బ్యాడ్జి కోసమే మరుసటి ఏడు మళ్లీ వస్తారని స్కూలుకు తెలుసు.

చలికాలం ముగిస్తే? కొందరు పర్వతాల్లోనే గైడ్లవుతారు, కొందరు హోటళ్లలో చేరతారు. కుర్రతనం ఉన్నవాళ్లు భూగోళం అవతలికి విమానమెక్కుతారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, చిలీ, అర్జెంటీనాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా చలికాలం కనుక ఏడాదికి రెండు సీజన్లు దొరుకుతాయి. అలా ఎండాకాలం ముఖం చూడకుండా నాలుగైదేళ్లు గడిపినవాళ్లున్నారు. ముప్పై దాటాక చాలామంది మానేస్తారు. మోకాళ్లు ఒక కారణం, ఇంటద్దె రెండో కారణం, పెళ్లి మూడోది. వరస మాత్రం మనిషిని బట్టి.

ఒళ్లు హూనమయ్యే పని ఇది. పొద్దున్నే, పాఠాలకు ముందు, టీచర్లకే శిక్షణ ఉంటుంది. తర్వాత ఆరేడు గంటలు చలిలో. అసలు అలసట జారడంలో రాదు, వంగి పిల్లల్ని లేపడంలో వస్తుంది. తాజా మంచు పడ్డ ఎండపూట కాంతిలో ఎనభై శాతం దాకా కింది నుంచి తిరిగి మొహం మీదికే వస్తుంది. కళ్లజోడు ఉన్నచోట తెల్లగా, మిగతా మొహమంతా నల్లగా కమిలి ఉంటే ఆ మనిషి వృత్తి అడగక్కర్లేదు. పిస్టు అనే చదునుచేసిన దారి దాటి శిష్యుల్ని తీసుకెళ్లే టీచర్‌కు మంచుచరియల భయం ఉంటుంది. మంచులో కూరుకుపోయినవాణ్ని మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత గబగబా పడిపోతుంది. అందుకే సిగ్నల్ పంపే బీకన్, పొడవాటి ప్రోబ్ కర్ర, పార లేకుండా అక్కడికి అడుగుపెట్టరు.

ఈ వృత్తిలో గొప్ప అధ్యాయం ఒకటి కొలరాడోలోని వింటర్ పార్క్‌లో మొదలైంది. 1970లో డెన్వర్ పిల్లల ఆసుపత్రి నుంచి కాలో చెయ్యో కోల్పోయిన 23 మంది పిల్లలు స్కీ నేర్చుకోవడానికి వచ్చారు. నేర్పడానికి హాల్ ఓ లియరీ అనే ఇన్‌స్ట్రక్టర్ ముందుకొచ్చాడు. ఒంటికాలి మీద జారేవాడికి చేతుల్లో కర్రల బదులు కొసన చిన్న స్కీలున్న ఊతకర్రలు ఇస్తారు. నడుము కింద చలనం లేనివాళ్లు ఒకే స్కీ మీద అమర్చిన కుర్చీలో కూర్చుని జారతారు. చూపు లేనివాళ్లకు టీచర్ గొంతే దారి. అప్పుడు మొదలైన ఆ పాఠాలే పెద్దవై దివ్యాంగుల క్రీడాకేంద్రంగా నిలిచాయి. యూరోటెస్ట్ గడియారం ఇలాంటి టీచర్‌ను ఎలా కొలుస్తుంది?

మన దేశంలో ఈ కథకు కేంద్రం కశ్మీరులోని గుల్‌మార్గ్. సముద్రమట్టానికి 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మైదానంలో బ్రిటిష్‌వాళ్లు 1927లో స్కీ క్లబ్ పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో సైన్యం స్కీ స్కూలు తెరిచింది. అదే తర్వాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. 1960ల్లో ప్రభుత్వం రుడాల్ఫ్ మాట్ అనే స్కీ నిపుణుణ్ని పిలిపించి చలికాలపు క్రీడలకు ఏ చోటు తగినదని అడిగితే ఆయన గుల్‌మార్గ్‌కే ఓటు వేశాడు. 1968లో అక్కడ ఇన్‌స్ట్రక్టర్లను తయారు చేసేందుకే ఒక సంస్థ మొదలైంది. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ అదే. రెండంచెల గొండోలా కేబుల్ కారు అఫర్వట్ శిఖరం పక్కన దాదాపు 3,980 మీటర్ల ఎత్తు దాకా తీసుకుపోతుంది. అక్కడి నుంచి దిగే తాజా మంచు కోసం యూరప్, రష్యాల నుంచి స్కీయర్లు వస్తారు.

గుల్‌మార్గ్ టీచర్లలో ఎక్కువమంది కింద ఉన్న తంగ్‌మార్గ్ చుట్టుపక్కల పల్లెలవాళ్లు. చలికాలం మంచు మీద, మిగతా కాలం తోటల్లో, గుర్రాల దగ్గర, ట్రెక్కింగులో బతుకు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో భారతదేశం నుంచి ఒకే ఒక్కడుగా దిగిన ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతంవాడే. తండ్రి గుల్‌మార్గ్‌లో స్కీ సామాన్ల దుకాణం నడిపేవాడు, కొడుకు నాలుగో ఏటనే స్కీ ఎక్కాడు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు.

వీళ్ల బతుకుకు ఇప్పుడు పెద్ద గండం మంచే. 2024 జనవరిలో గుల్‌మార్గ్ మైదానం గోధుమరంగు గడ్డితో బోసిగా ఉన్న ఫొటోలు దేశమంతా చూసింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు లేక వాయిదా పడి మార్చిలో జరిగాయి. ఆల్ప్స్‌లోని రిసార్టులు యంత్రాలతో మంచు చిమ్ముకుంటాయి. ఇక్కడి టీచర్ ఆకాశం వైపు చూడాల్సిందే. పది పన్నెండు వారాల సీజన్లో నెల పోతే ఆ సీజన్ సంపాదనలో మూడోవంతు పోయినట్టు.

తెలుగువాళ్లకు ఈ కొండలు దూరమే కానీ మంచు అంత దూరమేమీ కాదు. హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లోనే మంచులో ఆటలాడుకునే స్నో వరల్డ్ తెరిచారు. నేర్చుకోవాలంటే దుబాయ్‌లో ఉన్నవాళ్లకు 2005లో తెరిచిన స్కీ దుబాయ్ ఉంది. మాల్ లోపలే 400 మీటర్ల వాలు, ఇన్‌స్ట్రక్టర్లు, మెట్లవారీ పాఠాలు. తెలుగు కుటుంబాలు దండిగా ఉన్న న్యూజెర్సీలో 2019 డిసెంబరులో బిగ్ స్నో అనే ఇండోర్ కొండ మొదలైంది.

మన ప్రాంతం నుంచి ఇదే వృత్తిగా పెట్టుకోవాలనుకునే యువతకు దారి కొంత వంకరగా ఉంటుంది. గుల్‌మార్గ్‌లోనూ, మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థలోనూ రెండు వారాల బేసిక్ కోర్సుతో మొదలుపెట్టి, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ దాకా చలికాలం తర్వాత చలికాలం వెళ్లవచ్చు. ప్రైవేటు పాఠాలతో పోలిస్తే ప్రభుత్వ సంస్థల ఫీజులు చాలా తక్కువ. విదేశాల్లో పనిచేయాలంటే మాత్రం ఆ దేశపు సర్టిఫికెట్ కావాలి. ఆస్ట్రియా అయితే జర్మన్ కూడా రావాలి. ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టినవారికి యూరోటెస్ట్ దాదాపు అందని పండే. కెనడా, న్యూజిలాండ్‌ల మొదటి రెండు స్థాయిలు అందుతాయి.

కోర్సుకు బయల్దేరేవారు జీన్స్ ఇంట్లోనే వదిలేయడం మేలు. తడిస్తే ఆరవు, గడ్డకట్టి రేకుల్లా అవుతాయి. మన దేశపు శిక్షణల్లో కొత్తవాళ్లు మొదటి రోజుల్లో లిఫ్టు ఎక్కడం తక్కువ, స్కీలు భుజానేసుకుని వాలు ఎక్కడం ఎక్కువ. ఆ ఎత్తులో పది అడుగులకే ఊపిరి అందదు, తొడలు మండుతాయి. కాబట్టి జనవరి కోర్సుకు దరఖాస్తు పెట్టినవాళ్లు అక్టోబరు నుంచే అపార్ట్‌మెంట్ లిఫ్టు మానేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాలి.